అక్కయ్యయు, అత్తరు సీసాలును

బట్టల మీదను సువాసనల మీదను మక్కువ గలవారిని చూచి నవ్వుట మన పెద్దలకు అలవాటు. తల దువ్వుకొనుటకై అద్దము ముందు రెండు నిమిషములు అధికముగా నిలిచిన పిల్లవానికి "షోకిలా" యను బిరుదు ఇంటిలోనే లభించును. ఆడపిల్ల ఈ రంగు రిబ్బను వలదు, ఆ రంగుది కావలెనని పట్టుపట్టినచో, "దీని అత్తవారు బాగుపడినట్లే" అను వ్యాఖ్య వినబడును. మా ఇంటిలో ఈ రెండును జరిగినవి. బిరుదు నాది, వ్యాఖ్య మా అక్కయ్యను గూర్చినది. మేమిరువురమును వానిని సంతోషముతోనే భరించితిమి.

షోకు వేరు, సొగసు వేరు అని అక్కయ్య చెప్పెడిది. షోకు ఎదుటివారి కన్నుల కొరకు. దానికి ధనము కావలెను. సొగసునకు ముందుగా కావలసినది చూపు. ఈ బట్టను నేసినవారెవరు, ఈ రంగు నూలుకు ఎట్లు పట్టినది, ఈ వాసన దేనినుండి వచ్చినది అని అడుగువానికి సొగసు కొంత తెలియును. ధర మాత్రమే అడుగువానికి తెలియదు. ఇట్టి భేదము నిఘంటువులలో కనబడదు. అయినను నాకు నచ్చినది; నేటికిని దీనినే నమ్ముచున్నాను.

మా గ్రామము గుంటూరు సీమలో, కొండవీటి కొండలు కంటికి కనబడునంత దూరమున ఉన్నది. అక్కయ్య నాకంటె ఆరేండ్లు పెద్దది. నాయనగారు బడిపంతులు. ఇంటిలో విలువైన వస్తువులు లేవు. ఉన్నదెల్లను అమ్మ కాపురమునకు వచ్చినపుడు తెచ్చుకొన్న ట్రంకు పెట్టె ఒకటి. అందులో నాలుగు పట్టుచీరలు, వాని మడతలలో వట్టివేళ్ల కట్టలు, ఎండిన మొగలిరేకులు ఉండెడివి. సంవత్సరమునకు రెండు పర్యాయములు అమ్మ ఆ పెట్టె తెరచి బట్టలను నీడపట్టున ఆరవేసెడిది. ఆ దినమున బడికి సెలవు లేకున్నను మా మనస్సులకు సెలవే.

అపుడు మేము ఆడుకొనిన ఆట ఒకటి కలదు. అక్కయ్య నా కన్నులకు తువ్వాలు కట్టి, బట్టలను ఒక్కొక్కటిగా నా ముక్కు దగ్గరకు తెచ్చెడిది. ఏది ఎవరిదో నేను చెప్పవలెను. గంజి వాసనయు నీలిమందు వాసనయు కలసి వచ్చినచో అది నాయనగారి పంచె. కుంకుడుకాయ వాసనయు సాంబ్రాణి పొగయు వచ్చినచో అది తలంటు దినమున అమ్మ తలకు చుట్టుకొనిన తుండు. వట్టివేరు వాసన పట్టుచీరలది. వీనియన్నిటి కంటె సులభముగా తెలిసిపోవునది తాతగారి తలగుడ్డ. అది చీరాలలో నేసిన తేలియా రుమాలు. ఎర్రని నేల మీద నల్లని, తెల్లని చదరములతో ఉండెడిది. తాతగారు పోయి ఎన్నో యేండ్లు గడచినను అది నూనె వాసన విడువలేదు.

ఆ వాసన ఎందువలన వచ్చినదని అక్కయ్య అంతటితో ఊరకుండక, చీరాలనుండి నూలు తెచ్చి అమ్మెడి ముసలి సాలెవానిని అడిగి తెలిసికొనెను. రంగు వేయుటకు ముందు నూలును ఆముదపు కాయల తొక్కు కాల్చిన బూడిదయు నూనెయు కలిపిన నీటిలో నానవేసి, పిండి, ఆరవేసి, మరల నానవేయుదురు. ఇట్లు అనేక దినములు చేయుదురు. అందువలన నూలు మెత్తబడి ఎరుపును గాఢముగా పట్టుకొనును. పిదప నూలును గుర్తుల ప్రకారము కట్టి రంగులలో ముంచుదురు. కట్టిన చోట రంగు అంటదు. మగ్గము మీద ఆ నూలు సరిగా కూడినపుడు చదరములు, పూవులు పుట్టును. తైలముతో పుట్టినది కనుకనే దానికి తేలియా యని పేరు. ఈ సంగతి విన్న పిమ్మట ఆ రుమాలు నాకు వాసనగల పాతగుడ్డగా తోచలేదు. తాతగారి తల మీదికి వచ్చుటకు ముందు అది ఎన్ని చేతులలో నానినదో యని ఆలోచించెడివాడను.

పూల విషయమున అక్కయ్య మిక్కిలి కఠినురాలు. మల్లెలు విరిసినవి కొనదు. సాయంకాలమునకు విచ్చుకొనబోవు మొగ్గలే కొనును. మల్లెమొగ్గ కోసిన పిదప కూడ బ్రతికియే యుండి, విచ్చుకొనుచు సువాసనను పుట్టించుచుండును. కనుక విరిసిన పూవు కొనినవాడు సగము వాసనను అంగడిలోనే విడిచి వచ్చినట్లని ఆమె లెక్క. మాలలో మరువమో దవనమో ఉండవలెను. కనకాంబరమునకు వాసన లేదు. కాని దాని రంగు దీపము వెలుగులో బాగుండును. "కంటికి ఒకటి, ముక్కుకు ఒకటి చాలునురా. మూడవది పెట్టితివా, ఒకదానినొకటి తిట్టుకొనును" అని ఆమె అనెడిది. బట్టల విషయమునను ఆమె సూత్రమిదియే. చీర అంచు మాటలాడునపుడు రవిక మాటలాడరాదు. సొమ్ము మాటలాడునపుడు పూవులు మెల్లగా నుండవలెను. పెండ్లిండ్లలో అన్నియు ఒక్కసారిగా మాటలాడు అలంకారములను చూచినపుడు మేమిరువురమును ఒకరినొకరు చూచుకొని నవ్వు ఆపుకొనెడివారము. ఇది మర్యాద కాదని ఒప్పుకొనవలసినదే.

ఆమె పట్టపరీక్ష ముగించి, పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించిన సొమ్ముతో మొదట కొనినది మంగళగిరి నూలుచీర. దుకాణమునకు పోక, నన్ను వెంటబెట్టుకొని నేతగాని ఇంటికే పోయెను. గుంటమగ్గము ముందు కూర్చుండి, కాళ్లు గుంటలో నుంచి, అతడు నేయుచుండగా మేము గంటసేపు చూచితిమి. మంగళగిరి చీర నడుమ భాగమున బొమ్మలు, బుటాలు ఉండవు. దట్టమైన నేత, నిజాం అంచు అను జరీ అంచు, అంతే. దుస్తులలో ఇంత నెమ్మదితనము ఉండవచ్చునని నాకు అపుడు తెలిసినది. తరువాత గద్వాల చీరలను చూచితిమి. వానిలో నడుమ నూలు, అంచును కొంగును పట్టు. రెండు వేరు జాతుల దారములను మగ్గము మీదనే ఒకదానితో నొకటి మెలివేసి కలుపుదురు. ఆ కలయిక చోట వ్రేలు నడిపి చూడుమని అక్కయ్య చెప్పును. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు ఖద్దరును గూర్చి ఆమె చెప్పినపుడు నేను మొదట నమ్మలేదు. అచ్చట ప్రత్తిని శుభ్రపరచి దువ్వుటకు వాలుగచేప దవడ ఎముకను వాడుదురు. అందలి సన్నని పండ్ల వరుస దువ్వెనవలె పనిచేయును. నాకు ఉద్యోగమైన పిమ్మట అక్కయ్య ఇచ్చిన మొదటి కానుక ఆ ఖద్దరు పంచెయే. దానిని ఒడిలో పెట్టుకొనిన అది ఉన్నదో లేదో తెలియనంత తేలికగా నుండెను.

మగపిల్లవానికి ఈ గొడవ లెందుకని అడిగినవారు లేకపోలేదు. ఉన్నత పాఠశాలలో నేను మణికట్టునకు ఇంత గంధపుటత్తరు రాచుకొని పోయిన దినమున, తరగతిలోని వారు నాకు ఆడపేరొకటి పెట్టి పిలిచిరి. వారము దినములు ఆ పేరుతోనే పిలిచిరి. ఇంటికి వచ్చి అత్తరు సీసాను అక్కయ్య చేతికిచ్చి, "ఇది నీవే ఉంచుకొమ్ము" అంటిని. ఆమె కోపపడలేదు, ఓదార్చనును లేదు. పెరటిలోనికి తీసికొనిపోయి కొండవీటి కొండలను చూపించెను.

"అచ్చట ఏలిన రాజు పేరేమి?" అని అడిగెను.

"కుమారగిరి రెడ్డి" అంటిని. ఆ మాత్రము చరిత్ర పాఠమున వచ్చినది.

"ఆయన బిరుదము?"

అది నాకు రాలేదు. కర్పూర వసంతరాయలు అని ఆమెయే చెప్పెను. ఆ రాజు 1386 మొదలు 1402 వరకు కొండవీటిని పాలించెను. వసంతోత్సవములలో కర్పూరమును విరివిగా వెదజల్లించుటచే ఆయనకు ఆ పేరు వచ్చినది. ఆ ఉత్సవములకు కర్పూరము, కస్తూరి, చందనము మొదలగు సుగంధ ద్రవ్యములను సముద్రముల మీదుగా తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. అతడు తన తమ్ములతో కూడి ఆ వ్యాపారమును నడపెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఈ తిప్పయసెట్టికే. "కవిసార్వభౌముడు వాసనలమ్మువానికి కావ్యమిచ్చెను. నీవు ఎవరో నలుగురు పిల్లలు నవ్విరని సీసా ఇచ్చివేయుచున్నావు" అని అక్కయ్య అనెను. మనుచరిత్రలో ప్రవరుని కథను కూడ ఆమె అపుడే చెప్పెను. హిమాలయములలో దారి తప్పిన ఆ బ్రాహ్మణ యువకునికి మనుష్య సంచారమును మొదట తెలిపినది కన్ను కాదు, చెవి కాదు. గాలిలో తేలివచ్చిన తాంబూలపు పరిమళమును బట్టి, కస్తూరి, కర్పూరముల కలయికను గుర్తించి, సమీపమున మనుష్యులున్నారని అతడు ఊహించెను. పెద్దన ప్రవరుని నిష్ఠాగరిష్ఠునిగానే చిత్రించెను. అట్టివానికిని ముక్కు చక్కగా పనిచేసినది. మరునాడు నేను సీసాను తిరిగి తీసికొంటిని. ఆడపేరు మరికొన్ని దినములు నిలిచి, తరువాత వేరొకనికి పోయినది.

లెక్కలలో నాకు భయము తీరినదియు వాసనల వలననే. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దివాడు. ఆయన బృహత్సంహితలో గంధయుక్తి యను ప్రకరణము కలదు. పరిమళ ద్రవ్యములను కలుపు విధానము దాని విషయము. పదునారు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఎన్నుకొనినచో ఎన్ని విధములుగా ఎన్నుకొనవచ్చును? ఆయన చెప్పిన సంఖ్య 1820. అక్కయ్య పదునారు చింతగింజల మీద సున్నముతో గుర్తులు వేసి, ఒకటి కస్తూరి, ఒకటి అగరు, ఒకటి తుంగముస్తె అని పేర్లు పెట్టి నా ముందుంచెను. మొదటిదానిని 16 విధముల, రెండవదానిని 15 విధముల, పిదప 14, 13 విధముల తీయవచ్చును. హెచ్చవేయగా 43,680. అయితే నాలుగు గింజలనే ఏ వరుసలో తీసినను పరిమళము ఒకటియే కనుక, ఆ నాలుగింటి వరుసలు 24 తో భాగింపవలెను. 1820 వచ్చినది. వేయిన్ని నాలుగు వందల యేండ్లకు పూర్వపు ఉత్తరము మా అరుగు మీద చింతగింజలతో సరిపోయినందులకు నేను ఎగిరి గంతువేసితిని. పాఠ్యగ్రంథములలో ఈ లెక్కను రంగుబంతులతో చేయింతురు. నాకు బంతుల కంటె కస్తూరి రుచించినది.

అక్కయ్యకు హైదరాబాదులో ఉద్యోగమైనది. కొన్ని యేండ్లకు నేనును అచ్చటికే చేరితిని. చార్మినారు చెంత గుల్జార్ హౌజు వైపు పోవు దారిలో అత్తరు దుకాణములు ఉన్నవి. గాజు మూతల సీసాలు వరుసలు వరుసలుగా నుండును. జీతములు వచ్చిన ఆదివారమున అచ్చటికి పోవుట మాకు వ్రతము. ఒకే చిన్న సీసా కొనెడివారము. రెండు కొనుటకు చాలదు. ఆ సీసా ఒక మాసము ఆమె దగ్గర, ఒక మాసము నా దగ్గర ఉండవలెనని ఒప్పందము. ఆమె మాసమున అది త్వరగా తగ్గునని నా ఫిర్యాదు. నా మాసమున మూత సరిగా బిగింపబడదని ఆమె ఫిర్యాదు. దుకాణపు వృద్ధుడు మాకు కొన్ని సంగతులు నేర్పెను. అత్తరును మణికట్టునకు రాచి వెంటనే తీర్పు చెప్పరాదు. అర్ధగంట తిరిగివచ్చి చెప్పవలెను. మొదట వచ్చు వాసన పలుకరింపు మాత్రమే. తరువాత వచ్చునది స్వభావము. ఒక పూటలో నాలుగింటిని మించి చూచినచో ముక్కు అలసి అన్నింటిని ఒకటిగానే చెప్పును.

మాకు అన్నిటికంటె ప్రియమైనది మట్టి అత్తరు. ఉత్తరప్రదేశములోని కన్నౌజు పట్టణము అత్తరులకు ప్రసిద్ధి. అచ్చట పెద్ద రాగి డేగిసాలో పూవులును నీరును పోసి, మూతను బంకమట్టితో బిగించి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి వెదురు గొట్టము ద్వారా మరియొక రాగిపాత్రలోనికి పోయి, అందులోని గంధపు నూనెలో చేరి చల్లబడును. మంట హెచ్చినదో తగ్గినదో పనివాడు చేతితో తాకియే చెప్పగలడు. మట్టి అత్తరునకు పూవులకు మారుగా ఎండిన మట్టిని బిళ్లలుగా చేసి కాల్చి వేయుదురు. తొలకరి వాన పడినపుడు లేచు నేల వాసనను ఈ విధముగా సీసాలో పట్టిరి. 1964 లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనువారు ఈ వాసనకు పెట్రికోర్ అను పేరు పెట్టిరి. మట్టిలోని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థమునకు ఇందులో ముఖ్యమైన పాలు కలదు. మన రైతులకు పేరు లేకున్నను వాసన తెలియును. ఆ వాసన రాగానే నాగళ్లు దించెడివారు.

2021 వేసవిలో అక్కయ్యకు కోవిడ్ జ్వరము వచ్చినది. ఆసుపత్రికి పోవలసినంత కాలేదు. పది దినములలో లేచి తిరిగెను. కాని ముక్కు పోయినది. ఒక ఉదయమున పాలు పొంగి, మాడి, పొగ క్రమ్మినను ఆమె ప్రక్కగదిలో కూర్చుండి పత్రిక చదువుకొనుచుండెను. అపుడుగాని ఇంటివారికి సంగతి తెలియలేదు. వాసనను గ్రహించు కణములు ముక్కు పైభాగమున లోపల ఉండును. ఈ వ్యాధి కలిగించు వైరసు ముఖ్యముగా ఆ కణములకు ఆసరాగా నుండు కణములను దెబ్బతీయునని 2020 నాటి పరిశోధనలు తెలిపినవి. పలువురికి కొన్ని వారములలో వాసన తిరిగి వచ్చును. కొందరికి మాసములు, సంవత్సరములు పట్టును. అక్కయ్య ఆ కొందరిలో చేరినది. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలియును; కాని మనము రుచి యనుకొనుదానిలో పెద్దపాలు వాసనయే. గోంగూర పచ్చడి ఆమెకు పులుపు మాత్రమే అయినది. తిండి తగ్గి మనిషి చిక్కిపోయెను.

నేను చూడబోయినపుడు అత్తరు సీసాలన్నియు ఒక అట్టపెట్టెలో పెట్టి, దారముతో కట్టి, తలుపు దగ్గర ఉంచియుండెను. "తీసికొనిపొమ్ము. నా దగ్గర ఉండుట వలన వానికి ప్రయోజనము లేదు" అనెను. ఏండ్ల క్రిందట నేను ఆమె చేతికి సీసా ఇచ్చిన దినము నాకు జ్ఞప్తికి వచ్చినది. కాని ఆమెకు చూపించుటకు నా దగ్గర ఏ కొండయు లేదు. పెట్టెను కదపక అచ్చటనే ఉంచితిని.

వైద్యుడొకడు అభ్యాసమొకటి చెప్పెను. 2009 లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున థామస్ హుమ్మెల్ అను వైద్యుడును ఆయన సహచరులును ప్రకటించిన పద్ధతి అది. గులాబి, నిమ్మ, లవంగము, నీలగిరి తైలము అను నాలుగు వాసనలను ప్రతిదినము ఉదయ సాయంకాలములందు కొంచెము సేపు ఆఘ్రాణింపవలెను. ఇట్లు పండ్రెండు వారములు చేయవలెను. ఏమియు తెలియకున్నను, ఆ వాసనను మనస్సునకు తెచ్చుకొనుచు చేయవలెను. అందరికిని ఫలించు మందు కాదు. కొందరికి మేలు చేసినది. నేను వారము దినములు అక్కడనే ఉంటిని. ఆమె కన్నులు మూసికొని సీసా పట్టుకొనగా నేను ఎదుట కూర్చుండి చెప్పెడివాడను. లవంగమునకు పంటినొప్పి నాటి రాత్రిని, నిమ్మకు తిరునాళ్లలో త్రాగిన సోడాను, గులాబికి పెండ్లిపందిటి పన్నీటి బుడ్డిని, నీలగిరి తైలమునకు జలుబు చేసినపుడు అమ్మ పట్టిన ఆవిరిని జ్ఞాపకము చేసితిని. చిన్ననాడు నా కన్నులకు గంత కట్టి ఆమె అడిగెడిది. ఇపుడు నేను చెప్పగా ఆమె వెదకెడిది. ఒక దినమున విసుగుతో, "నీవు చెప్పునది బాగున్నది, రానిది మాత్రము రాలేదు" అని సీసాను దింపివేసెను. మరునాడు మరల పట్టుకొనెను.

ఆ కాలమున ఆమె దుస్తుల మీది శ్రద్ధను విడువలేదు; మీదుమిక్కిలి హెచ్చినదనవలెను. తన దుస్తులకు ముక్కవాసన పట్టినదో, చెమట పట్టినదో ఆమెకు తెలియదు. కనుక చీరలను ఎండవేయుటకు తిథివారములు వేసికొని పుస్తకమున వ్రాసికొనెను. నేత మెత్తదనమును వ్రేళ్లతో, గంజి పెళపెళను చెవితో చూచుకొనెడిది. నేను ఫోనులో పలుకరించినపుడు మొదట చెప్పునది ఆనాడు కట్టిన చీర సంగతియే.

అయిదవ మాసమున వాసన తిరిగి వచ్చెను. కాని వికృతముగా వచ్చెను. కాఫీ కాలిన రబ్బరువలె, ఉల్లిపాయ కుళ్లినదానివలె తోచెను. నరములు తిరిగి అతుకుకొనునపుడు ఇట్లు జరుగుట కలదని వైద్యుడు ధైర్యము చెప్పెను. ఆమెకు ఇష్టమైన కాఫీని ఇల్లంతయు ఆరు మాసములు మానవలసివచ్చెను. మా బావగారి త్యాగము ఇచ్చట చెప్పదగినది. ఆయన వీధిచివర హోటలులో త్రాగి, నోరు కడిగికొని, ఇంటిలో అడుగుపెట్టెడివారు.

మొదట సరిగా తిరిగి వచ్చినది లవంగము. తరువాత నిమ్మ. రెండవ సంవత్సరమున వానకాలపు తొలిదినమున ఆమె నాకు ఫోను చేసి, "తమ్ముడూ, నేల వాసన వచ్చుచున్నది. నిజముగా వచ్చుచున్నదా, జ్ఞాపకమే వచ్చుచున్నదా, తెలియకున్నది" అనెను. అట్టపెట్టెలోని మట్టి అత్తరు తీసి చూడుమంటిని. దారము ముడి పడియున్నదని, కత్తెర కొరకు వెదకుచున్నదని చెప్పి ఫోను పెట్టివేసెను. గంటకు మరల పిలిచి, వచ్చినదని చెప్పెను.

మల్లె మాత్రము ఇంకను రాలేదు. అయినను ప్రతి వేసవిలోను సాయంకాలము ఆమె మొగ్గలే కొనుచున్నది. మరువము ఉన్నదో లేదో ఆకు చూచి పోల్చుకొనుచున్నది. క్రిందటి మారు నేను పోయినపుడు మాలను నా చేతిలో పెట్టి, ఎప్పుడు కోసినవో చెప్పుమనెను. నిన్నటివని చెప్పితిని. పూలమ్మి ఈనాటివని ప్రమాణము చేసినదట. అక్కయ్య అపుడే చెప్పులు తొడిగికొని, ఆ మాల పట్టుకొని వీధిలోనికి పోయెను.